పానకాలస్వామి మా కల్లానికి వచ్చిన రోజు

మా ఊళ్ళో దేవుణ్ణి కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గౌరవం నాకు ఎనిమిదేళ్ళు దక్కింది. విచిత్రం ఏమిటంటే, అంతకుముందు మా ఊళ్ళో దేవుడు లేడని వాదించినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

తొంభైల చివరి సంగతి. గుంటూరులో డిగ్రీ చదివి, రెండు సబ్జెక్టులు మిగుల్చుకుని ఇంటికి తిరిగొచ్చాను. సబ్జెక్టులు మిగిలాయి గానీ తెలివి మాత్రం పూర్తిగా వచ్చేసిందని నా నమ్మకం. కాలేజీ రోజుల్లో నల్లపాడు స్టేషన్లో ప్యాసింజరు బండి కోసం కూర్చున్నప్పుడల్లా విజ్ఞానశాస్త్రం మీద సన్నపాటి పుస్తకాలు చదివేవాణ్ణి. చదివిందంతా మా ఊరి టీ బంకు దగ్గర ఒలకబోసేవాణ్ణి. మహిమలన్నీ బూటకాలని నిరూపించడానికి ఒకసారి నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించాను. మూతి కాలి వారం రోజులు మజ్జిగన్నం తప్ప ఏమీ తినలేకపోయాను. అయినా గెలిచింది నేనేనని చెప్పుకు తిరిగాను.

మా అమ్మ నాకు పూర్తిగా ఎదురు. నా చిన్నప్పుడే నాన్న పోతే, మిరపా పత్తీ వేసి ఒంటిచేత్తో సేద్యం లాక్కొచ్చిన మనిషి. ఆవిడకి దేవుడు గుళ్ళో కంటే రోడ్డు మీదే ఎక్కువగా కనిపించేవాడు. బస్సులో లేచి సీటిచ్చినవాడు, సంతలో తప్పిపోయిన గొడుగు తెచ్చిచ్చినవాడు, ఎవరైనా సరే, పేరు చెప్పకుండా వెళ్ళిపోతే దేవుడే. పేరు చెబితే మనిషి. ఒకసారి పురుగుమందు డబ్బాలు మోసుకొస్తుంటే ఎవరో సైకిలు మీద ఎక్కించుకుని ఊరి మొదట్లో దింపాడట. ఇంటికొచ్చి దణ్ణం పెట్టుకుంటోంది.

"సైకిలు మీదొచ్చే దేవుడెవడమ్మా?" అని నవ్వాను.

"నడిచొస్తే నాకేం ఉపయోగంరా?" అంది.

ఆ ఏడు శ్రీరామనవమి నాటికి మా రెండో కోత కాయ కల్లంలో ఉంది. మిరపకాయ కోశాక పది పదిహేను రోజులు ఎండాలి. పొద్దున్నే కల్లంలో పరవాలి, సాయంత్రం కుప్ప చేసి టార్పాలిన్ పట్టా కప్పాలి. ఆరే కాయ మీద ఒక్క వాన పడితే చాలు, ఎర్రటి కాయ పాలిపోయి తాలు అవుతుంది. తాలు కాయని గుంటూరు మిర్చి యార్డులో చేత్తో కూడా ముట్టరు, కాలితో పక్కకి నెడతారు. మొదటి కోత పురుగుమందులకే సరిపోయింది. ఇక ఏడాదంతా మేం తినబోయే తిండి ఆ కల్లంలోనే ఎర్రగా పరిచి ఉంది.

పండగ కాబట్టి చుట్టుపక్కల వాళ్ళంతా పొద్దున్నే కుప్పలు చేసి, పట్టాలు కప్పి, సీతారాముల కల్యాణానికి పోయారు. మా కాయ ఒక్కటే ఎండలో ఉంది. ఎందుకంటే మాకు కాపలాకి నాస్తికుడు ఉన్నాడు.

"నువ్వెటూ పందిట్లోకి రావు గదా, ఇక్కడ కూర్చో. మబ్బేస్తే కుప్ప చెయ్యి" అని చెప్పి, అమ్మ ఇత్తడి చెంబునిండా పానకం పోసి, విస్తరాకు మూతపెట్టి, కాపలా పాకలో ఉంచింది. "ఈ పానకమన్నా తాగు. దీనికి దేవుడితో పన్లేదు. ఎండకి చలవ."

ఆవిడ చేల మధ్య దొంక మలుపు తిరిగేదాకా ఆగాను. తర్వాత నేరుగా మా స్నేహితుడి ఇంటికి పోయాను. ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉంది, వాళ్ళింట్లో కలర్ టీవీ ఉంది. పది ఓవర్లు చూసి వచ్చేద్దామనుకున్నాను. పది కాస్తా ఇరవై అయ్యాయి. ఒక జట్టు ఆట ముగిసి రెండో జట్టు దిగింది. మధ్యలో వడపప్పు పెట్టారు, అదీ తిన్నాను. బయట మబ్బు కమ్మి గదిలో చీకటి పడితే, టీవీ బొమ్మ ఇంకా బాగా కనపడుతోందని సంతోషించాను. గాలి లేచి కరెంటు పోయాక గానీ నాకు కల్లం గుర్తు రాలేదు.

పరిగెత్తాను. సగం దారిలోనే వాన అందుకుంది. నల్లరేగడిలో చెప్పులు రెండూ కూరుకుపోతే వదిలేసి ఉరికాను. కల్లం కనబడే మలుపుకి వచ్చేసరికి, తల మీద గోతం సంచి కొప్పెరగా వేసుకుని పాక ముందు ఎవరో నిలబడి ఉన్నారు. కల్లాల్లో కాయ దొంగతనాలు మాకు కొత్త కాదు. "ఎవడ్రా అది? దొంగ..." అని, ఆ తర్వాత ఇక్కడ రాయకూడని మాటొకటి కలిపి, ఊరు అదిరేలా అరిచాను. ఆ మనిషి ఒక్క క్షణం నావైపు చూశాడు. తర్వాత గబగబా నడిచి, పక్క చేలో ఇంకా పీకని పత్తికట్టె చాటుకి వెళ్ళిపోయాడు.

కల్లంలోకి వచ్చి చూశాను. కాయంతా కుప్పగా ఉంది. మీద పట్టా కప్పి ఉంది. అంచులకి రాళ్ళు పెట్టి, నీళ్ళు కుప్ప కిందికి పోకుండా చుట్టూ పారతో కాలవ తీసి ఉంది. పట్టాకి ఒక మూల తాడు దూర్చే రింగు ఎప్పుడో ఊడిపోయింది. ఆ మూలలో గులకరాయి పెట్టి, గుడ్డ చుట్టూ మడిచి, దాని మెడకి తాడు బిగించి గుంజకి కట్టి ఉంది. అలాంటి ముడి మా వైపు ఎవరూ వేయగా నేను చూడలేదు. ఒక్క కాయ తడవలేదు. పాకలో చెంబు మీద ఆకు మూత ఎలా ఉన్నదో అలాగే ఉంది. తీసి చూస్తే పానకం సగమే ఉంది.

అమ్మ తడిసి ముద్దై వచ్చింది. కుప్ప చూసింది, నన్ను చూసింది.

"ఎవర్రా ఇదంతా చేసింది?"

నేనే చేశానని చెప్పొచ్చు గదా అని మీరనొచ్చు. అమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకవు. మిరపకాయ కుప్ప చేసినవాడి చేతులు మండుతుంటాయి, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుంటాయి. నావి టీవీ చూసి తళతళలాడుతున్నాయి. అందుకని ఇంకో అబద్ధం ఎంచుకున్నాను.

"ఇక్కడే ఉన్నానమ్మా. ఇట్లా చేలోకి వెళ్ళొచ్చా, పది నిమిషాలు. వచ్చేసరికి ఇదీ సంగతి. ఎవరో కనబడ్డాడు గానీ, చూస్తుండగానే మాయమైపోయాడు."

"పానకం నువ్వు తాగావా?"

"లేదు."

అమ్మ చెంబులోకి చూసింది. మంగళగిరి కొండ మీది పానకాలస్వామి సంగతి మా వైపు పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఆయన సింహం నోట్లో బిందె పోసినా, గ్లాసు పోసినా సగమే తాగి, మిగతా సగం పోసినవాళ్ళకి వదిలేస్తాడు.

"సగం తాగాడు, సగం వదిలాడు. ఇంత కాయ పది నిమిషాల్లో ఒక మనిషి కుప్ప చెయ్యగలడంట్రా? నువ్వు చదువుకున్నోడివి, చెప్పు."

నేను శాస్త్రం తెలిసినవాణ్ణి. చెయ్యలేడనే చెప్పాలి. చెప్పాను. అమ్మ ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ జోడించింది. మా ఇంట్లో దేవుడున్నాడని అలా నా నోటితోనే రుజువైంది.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది అతికి ఊరుకోలేదు, ఊరంతా అల్లుకుంది. తెల్లారేసరికి జనం మా కల్లానికి వచ్చి కాలవకి దణ్ణాలు పెట్టారు. "ఆడే చూశానంటున్నాడంటే ఇంక తిరుగులేదు" అన్నారు టీ బంకు దగ్గర. భక్తుడు చూశానంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. దేవుడు లేడని మూతి కాల్చుకున్నవాడి సాక్ష్యం కాబట్టి దానికంత గిరాకీ. పదిమందీ అడుగుతుంటే నేనూ చెప్పడం మొదలుపెట్టాను. చెప్పిన కొద్దీ ఆ మనిషి ఎత్తు పెరిగాడు. గోతం అంచున వేలాడే జనపపీచు రెండో ఏడుకల్లా సింహం జూలైంది. నేను అరిచిన బూతు "ఎవరు స్వామీ మీరు?" అయింది. నాకు పెళ్ళి చూపులకి వెళ్ళినచోట కూడా ముందు ఆ కథే చెప్పించుకుని, తర్వాత కాఫీ ఇచ్చారు.

మూడో ఏడు చెబుతుండగా నా కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అవి నిజం కన్నీళ్ళు. పది నిమిషాలని నేనే కల్పించానని మరిచిపోయి, పది నిమిషాల్లో అంత పని ఎలా జరిగిందా అని నేనే ఆశ్చర్యపోతున్నాను. విజ్ఞానశాస్త్రం నన్ను అలా వదిలేసింది, పోనీలే అని నేనూ దాన్ని వదిలేశాను.

అమ్మకి మాత్రం అది కాలక్షేపం కాదు. ఆ పట్టా చిరిగి పనికిరాకుండా పోతే, రాయి కట్టిన మూలని ముడి విప్పకుండా కత్తిరించి, పసుపు రాసి, దేవుడి గూట్లో పెట్టుకుంది. ఏటా నవమి ముందు మంగళగిరి కొండెక్కి స్వామికి పానకం పోయిస్తానని మొక్కుకుంది. మొదటి రెండేళ్ళూ నాకంటే ముందే ఎక్కింది. నాలుగో ఏడు గోడ పట్టుకుని ఎక్కింది. ఆరో ఏటికి మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది, మెట్లు ఎక్కితే మంచాన పడతావని డాక్టరు చెప్పాడు. "మన కల్లందాకా నడిచొచ్చినోడి కోసం నేను కొండెక్కలేనా?" అని ఆయన్నే ఎదురడిగి వచ్చింది. పది మెట్లకొకసారి కూర్చుని, పమిట చెంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ లేచేది. బెల్లం సంచి మోస్తూ వెనకాలే నేను. ఒక్క మాట చెబితే ఆ మోకాళ్ళు బతికిపోతాయి. ఏటా ఏదో ఒక మెట్టు దగ్గర చెబుదామని నోరు తెరిచేవాణ్ణి. తేలుకుట్టిన దొంగలా మళ్ళీ మూసుకునేవాణ్ణి.

ఎనిమిదో ఏడు కోతలకి పడమటి ప్రకాశం మెట్ట ఊళ్ళ నుంచి ఒక ముఠా వచ్చింది. ముఠా అంటే కూలివాళ్ళ జట్టు. మగా ఆడా కలిసి పదిహేను మంది ఉంటారు. మధ్యాహ్నం చెట్టు కింద అన్నాలు తింటుంటే, వచ్చిన ప్రతి ముఠాకీ చెప్పినట్టే వాళ్ళకీ కథ మొదలుపెట్టాను. జూలు దాకా వచ్చాను. ఆడవాళ్ళు తినడం ఆపి వింటున్నారు. వాళ్ళలో యాభై ఏళ్ళాయన ఒకాయన ముద్ద చేతిలో పట్టుకుని అడిగాడు.

"ఆ పట్టా నీలం రంగుదాయ్యా?"

"నీలందే."

"మూల రింగు ఊడిపోతే గులకరాయి చుట్టి కట్టుండాదా?"

నేను కథలో ఇంకా ముడి దాకా రాలేదు. "నీకెట్లా తెలుసు?"

ఆయన అందరివైపూ చూసి సిగ్గుపడ్డాడు. "ఆ సామిని నేనేనేమోనయ్యా" అన్నాడు.

నాకు ముందు వచ్చింది కోపం. ఎనిమిదేళ్ళు పెంచి పెద్ద చేసిన దేవుణ్ణి, గోంగూర పచ్చడి కలిపిన ముద్ద చేత్తో పట్టుకుని, నేనేనంటాడేమిటి? నిలదీద్దామని నా తువ్వాలూ ఒక తాడుముక్కా ఇచ్చి కట్టి చూపించమన్నాను. ఆయన ఎడమచేత్తో నేల మీది రాయి తీసి, తువ్వాలు మూల చుట్టి, తాడు రెండు మెలికలు తిప్పి బిగించాడు. మా దేవుడి గూట్లో ఉన్న ముడే. "గాలెక్కువ గదయ్యా మా సైడు. పిలకాయలు గూడా కడతారు" అన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. మొదటిసారి కోతలకొచ్చి, ముఠా నుంచి తప్పిపోయి, వాళ్ళు ఏ ఊళ్ళో దిగారో తెలియక పొద్దుట్నుంచీ దొంకలమ్మట తిరుగుతున్నాడట. మబ్బు కమ్ముతుంటే కాయ ఆరబోసి కనబడిందట.

"కేకేసినా ఎవరూ పలకలా. కాయ తడిసిపోద్దని మొదలుపెట్టినా. గంట పైనే పట్టింది."

"గంటా? మీరు పది నిమిషాలే పోయినారు గదయ్యా?" అంది పక్కనున్న ఒకామె నన్ను చూసి. నేను వినపడనట్టు చెట్టు కొమ్మలకేసి చూశాను.

"పానకం సగం ఎందుకు వదిలావు పెద్దాయనా?" అనడిగాను.

"కావలాయన చెంబు గదయ్యా. పాపం ఎండనబడి యాడికి పోయొస్తాడో, ఆయనకుండొద్దా?"

ఆ కావలాయన ఆ సమయంలో ఫ్యాను కింద కూర్చుని వడపప్పు తింటున్నాడు.

"మరి చేసి ఎందుకెళ్ళిపోయావు?"

"పోలేదయ్యా. ఎవరన్నా వస్తే ఇంత అన్నం అడుగుదామని పాక కాడ నిలబడ్డా. పండగ గదా, పెడతారనుకున్నా." నవ్వాడు. "ఈలోగా దొంగన్నారు గదా. కొత్త ఊరు. పదిమంది చేరితే మన మాట ఎవరింటారు?"

ఆ నవ్వులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. నేను వంద సార్లు చెప్పిన కథలో, ఆకలితో ఉన్నవాడు ఒకడున్నాడని నాకు ఒక్కసారైనా తట్టలేదు.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆయన్ని పక్కకి పిలిచి, "ఈ సంగతి మా అమ్మకి చెప్పకు" అన్నాను. "నేనెందుకు చెప్తానయ్యా" అని వెంటనే ఒప్పుకుని, ఆయన తిరిగి కాయ కోయడానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికొస్తే అమ్మ అరుగు మీద కూర్చుని మోకాళ్ళకి వేడి నూనె మర్దనా చేసుకుంటోంది. పక్కన చేటలో కొండకి తీసుకెళ్ళే బెల్లం దంచి పెట్టి ఉంది. "ఆదివారం ఎక్కేద్దాంరా. ఈసారి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికన్నా పైకి చేరతాను" అని నవ్వింది. నాకు ఇక నిలబడబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగి పొలం వెళ్ళి ఆయన్ని వెంటబెట్టుకొచ్చాను. దారిపొడుగునా "ఎందుకులేయ్యా, పెద్దామె బాధపడద్ది" అంటూనే ఉన్నాడు.

అమ్మ ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. మ్యాచ్, కరెంటు పోవడం, పది నిమిషాలు, చివరికి ఆ బూతు కూడా. తిడుతుందని, కొడుతుందని, దేవుడు పోయాడని ఏడుస్తుందని, అన్నిటికీ సిద్ధపడ్డాను. అమ్మ నన్ను అసలు చూడనే లేదు. ఆయన్నే చూస్తోంది. చేతికున్న నూనె తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"ఆ రోజు మరి అన్నం ఎక్కడ తిన్నావు నాయనా?"

"ఆ రోజా?" ఆయన కొంచెం ఆలోచించాడు. "ఆ రోజు తినలేదమ్మా. మర్నాడు మా వాళ్ళు కనబడ్డారు, అప్పుడు తిన్నా."

అమ్మ గోడ పట్టుకుని లేచింది. ఆయన్ని లోపలికి పిలిచి పీట వేసింది. ఆకు వేసి, వేడన్నం పెట్టి, పప్పూ నెయ్యీ వడ్డించింది. ఆయన మొహమాటపడుతుంటే ఎదురుగా కూర్చుని తినమంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మారు వడ్డిస్తూ అంది.

"దేవుడనుకుని ఎనిమిదేళ్ళు కొబ్బరికాయలు కొట్టాను నాయనా. మనిషని తెలిస్తే ఆ రోజే వెతికించి అన్నం పెట్టేదాన్ని."

ఆయన తల వంచుకుని తిన్నాడు. ఆకులో ఒక్క మెతుకు వదల్లేదు.

ఆ ఆదివారం బెల్లం సంచితో కొండెక్కింది నేనొక్కణ్ణే. మొక్కు మొక్కే, దాన్ని తప్పకూడదనీ, నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి గదా అనీ అమ్మే పంపింది. ఇప్పటికీ ఏటా నేనే ఎక్కుతున్నాను. టీ బంకు దగ్గర జరిగింది జరిగినట్టు చెబితే, "నీ పాత కథే బాగుందిరా" అని లేచిపోయారు.

నవమి నాడు మాత్రం అమ్మ ఒక కొత్త అలవాటు పెట్టింది. కాపలా పాకలో పానకం చెంబు పక్కనే అన్నం కారియర్ కూడా ఉంచుతుంది. మొదటిసారి చూసి, ఇది నాకేమోనని మూత తీయబోయాను.

"ముట్టుకోకు" అంది. "వచ్చింది దేవుడైతే పానకం తాగి పోతాడు. మనిషైతే ఆకలేస్తది గదరా."

ఆ కారియర్‌కి కాపలా నేనే. ఆ రోజు మ్యాచ్ ఉన్నా సరే, పాకలోంచి కదలను. దొంకలో ఎవరు కనబడ్డా ముందు అన్నం తిన్నారా అని అడుగుతాను.